పక్క మంచం వాళ్ళకి మూడు సార్లు, మనకి ఒక్కసారేనా?



ఆసుపత్రిలో రోగికి తోడుగా నాలుగు రోజులు కూర్చుంటే ఎవరికైనా ఒక అలవాటు పట్టుబడుతుంది. మన మంచం సంగతితోబాటు పక్క మంచం సంగతి కూడా కనిపెడుతూ ఉండటం. వాళ్ళకి ఏ మందు ఎక్కించారు, ఎన్ని గంటలకి ఎక్కించారు, వాళ్ళబ్బాయికి పెళ్ళయిందా లేదా, అన్నీ తెలిసిపోతాయి. తప్పేం లేదు, పొద్దు గడవాలి కదా! అయితే దీంతో ఒక చిక్కు వస్తుంది. "డాక్టరమ్మా, ఆవిడకీ జ్వరమే, మా అత్తగారికీ జ్వరమే. ఆవిడకి రోజుకి మూడు సార్లు మందు ఎక్కిస్తున్నారు. మా అత్తగారికి రోజుకొక్కసారే. నిన్నయితే అదీ మానేశారు. ముసలావిడ కదా అని పట్టించుకోవటం లేదా?" అని కళ్ళనీళ్ళ పర్యంతమై అడిగే కోడళ్ళున్నారు. మెత్తగా అడగక గట్టిగా కేకలేసే కొడుకులూ ఉన్నారు.

ఈ అనుమానం సహజమే. దీనికి జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, నరంలోకి ఎంత మందు ఎక్కించారన్నది ఒక్కటే చాలదు. అది నెత్తుట్లో ఎంత నిలిచింది, ఎంతసేపు నిలిచింది అన్నది అసలు లెక్క. ఆ నిలవటం మనిషికీ మనిషికీ మారుతుంది. ఏదో కొద్దిగా మారటం కాదు. రెండింతలు, మూడింతలు, జబ్బు ముదిరినవాళ్ళలో ఒక్కొక్కప్పుడు పదింతలు కూడా తేడా వస్తుంది. ఆ సంగతే ఇవాళ మీతో మాట్లాడదామని.

"మాత్ర అయితే కడుపులో కరగలేదనో, వాంతిలో పోయిందనో అనుకోవచ్చు. నరంలోకి సూటిగా ఎక్కించాక తేడా ఎందుకొస్తుందండీ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. నరంలోకి ఇచ్చిన మందు ఒక్క చుక్క వృథా కాకుండా నెత్తుట్లో కలుస్తుంది, నిజమే. కాని ఒకే గరిటెడు ఉప్పు చిన్న గిన్నెడు చారులో వేస్తే నోట పెట్టలేం, పెద్ద గుండిగెడు చారులో వేస్తే చప్పగా ఉంటుంది. మన శరీరమూ అంతే. జెంటమైసిన్, అమికసిన్ లాంటి మందులు ఒంట్లో ఉన్న నీటిలో పరుచుకుంటాయి. ఎండి బక్కచిక్కిన ముసలావిడ ఒంట్లో నీరు తక్కువ. చీముజ్వరంతో కాళ్ళూ చేతులూ వాచి, దానికి తోడు సీసాల మీద సీసాలు సెలైను ఎక్కిన మనిషి ఒంట్లో నీరు ఎక్కువ. అంచేత అతనికి మొదటి మోతాదు కాస్త పెద్దదిగా పడకపోతే మందు పలచబడి క్రిములకి చాలదు. లావుగా ఉన్నవాళ్ళ సంగతి ఇంకో తమాషా. ఈ మందులు కొవ్వులోకి అంతగా పోవు. కాబట్టి వంద కిలోల మనిషికి యాభై కిలోల మనిషికిచ్చేదానికి రెట్టింపు ఇస్తే మందు ఎక్కువై కూర్చుంటుంది. అందుకని ఉన్న బరువుకీ, ఉండవలసిన బరువుకీ మధ్య ఒక బరువు లెక్కగట్టి ఇస్తారు.

ఇది గిన్నె సంగతి. ఇక గిన్నెకి అడుగున చిల్లు ఉన్నదనుకోండి, అదీ అసలు కథ. ఆ చిల్లు చాలా మందులకి మూత్రపిండాలే. మందు పోస్తూనే ఉంటాం, అవి తోడేస్తూనే ఉంటాయి.

ఈ విషయం వైద్యులకి మొట్టమొదట ఎంత బాధాకరంగా తెలిసిందో చెబుతాను. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు ఆసుపత్రిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అని ఒక పోలీసు కానిస్టేబులు ఉండేవాడు. క్రిములు సోకి ముఖమంతా చీముపట్టి, ఒక కన్ను తీసివేయవలసి వచ్చి, ప్రాణం మీదికి వచ్చింది. 1941 ఫిబ్రవరి 12న అతనికి పెనిసిలిన్ని నరంలోకి ఇవ్వటం మొదలుపెట్టారు. అప్పటికి ప్రపంచంలో పెనిసిలిన్ అంటే ఆ లాబొరేటరీలో బూజు నించి చెంచాలతో కొలిచి తీసినదే. ఒక రోజు గడిచేసరికి జ్వరం తగ్గుముఖం పట్టింది, ఆకలి వేసింది. కాని మూత్రపిండాలు ఈ మందుని గంటల్లో బయటికి తోసేస్తాయి. చేసేదిలేక అతని మూత్రాన్ని సీసాల్లో పట్టి, లాబొరేటరీకి తీసుకుపోయి, అందులోంచి పెనిసిలిన్ని విడదీసి మళ్ళీ అతనికే ఎక్కించారు. అయినా అయిదు రోజులకి మందు అయిపోయింది. జబ్బు తిరగబెట్టి మార్చి 15న అతను పోయాడు. మందు పనిచెయ్యక కాదు పోవటం, నెత్తుట్లో నిలిచినంతసేపు పనిచేసింది, నిలవలేక పోయింది. తరవాత ఎప్పుడో, మూత్రపిండాలు పెనిసిలిన్ని బయటికి నెట్టకుండా అడ్డుపడే ప్రోబెనెసిడ్ అనే మాత్రని కూడా దీనికి జతగా ఇవ్వటం మొదలుపెట్టారు. ఇప్పుడు పెనిసిలిన్‌కి కొదవ లేదు గనక ఆ మాత్ర అవసరం అంతగా పడటం లేదు.

మందు ఒంట్లో సగానికి తగ్గటానికి ఎంతసేపు పడుతుందో దాన్నిబట్టి రోజుకి ఎన్నిసార్లు ఇవ్వాలో నిర్ణయిస్తారు. మెరోపెనెమ్ అనే మందు మూత్రపిండాలు బాగున్నవాళ్ళలో గంటకే సగమవుతుంది. అంచేత రోజుకి మూడు సార్లు. సెఫ్‌ట్రయాక్సోన్ సగం కావటానికి ఇంచుమించు ఎనిమిది గంటలు. చాలా జబ్బుల్లో రోజుకొక్కసారి చాలు. పక్క మంచం ఆవిడకి మూడు సార్లు, మన అత్తగారికి ఒక్కసారి అన్న తగువు చాలామట్టుకు ఇక్కడే తీరిపోతుంది. రెండూ యాంటిబయాటిక్కులే, పేర్లు వేరు. అమికసిన్ తీరు ఇంకొకటి. అది ఒక్కసారిగా ఎక్కువ పాళ్ళలో నెత్తుట్లోకి వెళితే క్రిములని బాగా దెబ్బ తీస్తుంది, ఆ తరవాత పూర్తిగా తగ్గిపోతేనే మూత్రపిండాలకి మంచిది. కాబట్టి పెద్ద మోతాదు రోజుకొక్కసారి ఇస్తారు. పెనిసిలిన్ కుటుంబం వాటికి అల్లా కుదరదు. పొయ్యి కింద మంట పెంచితే లాభం లేదు, సన్నగానైనా ఆరకుండా మండుతూ ఉండాలి.

సరే, మందు ఒకటే అయినా మనుషుల్లో తేడా చూడండి. వాంకోమైసిన్ అని ఒకటి ఉంది, మొండి క్రిములకి వాడేది. మూత్రపిండాలు సరిగా ఉన్న పెద్దవాళ్ళలో అది నాలుగు నించి ఆరు గంటల్లో సగమవుతుంది. మూత్రపిండాలు బొత్తిగా పనిచెయ్యనివాళ్ళలో సగం కావటానికి వారం దాకా పట్టవచ్చు! అటువంటివారికి "పాపం, జ్వరం తగ్గలేదు, ఇంకొకటి వెయ్యండి" అని పూటపూటా వేసుకుంటూ పోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. నిన్న అత్తగారికి మోతాదు మానేశారంటే, బహుశా నిన్నటిది, మొన్నటిది ఇంకా నెత్తుట్లో తిరుగుతూనే ఉన్నదన్నమాట.

"మా అత్తగారి మూత్రపిండాలు బాగానే ఉన్నాయండీ, రిపోర్టులో క్రియాటినిన్ ఒకటే ఉంది, నార్మల్ అని రాశారు" అంటారు మీరు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా పొరబడే చోటు ఇది.

క్రియాటినిన్ అనేది మన కండల్లోంచి రోజూ వచ్చే చెత్త. దాన్ని మూత్రపిండాలు బయటికి ఊడ్చేస్తాయి. ఇంట్లో చెత్త పేరుకోలేదంటే ఊడ్చే మనిషి బాగా ఊడుస్తున్నదైనా కావచ్చు, ఆ ఇంట్లో చెత్త పడటమే తక్కువైనా కావచ్చు. ముసలితనంలో కండ కరిగిపోతుంది, చెత్త తక్కువ పడుతుంది. అంచేత ఊడ్చే శక్తి మూడో వంతుకి వచ్చినా రిపోర్టులో అంకె అందంగానే కనిపిస్తుంది.

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు కెనడాలో దీనికో లెక్క కట్టారు. మనం ఇంట్లో కాగితం మీద వేసుకోగలిగిన లెక్కే. నూటనలభైలోంచి వయసు తీసెయ్యండి. వచ్చినదాన్ని కిలోల్లో బరువుతో హెచ్చవెయ్యండి. దాన్ని 72తో భాగించి, మళ్ళీ క్రియాటినిన్ అంకెతో భాగించండి. ఆడవాళ్ళయితే వచ్చినదాంట్లో నూటికి 15 తగ్గించండి. అదే మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల నెత్తురు శుభ్రం చేస్తున్నాయన్న అంచనా.

మన అత్తగారికి 70 ఏళ్ళు, 45 కిలోలు, క్రియాటినిన్ 1 అనుకుందాం. 140లోంచి 70 పోతే 70. దాన్ని 45తో హెచ్చిస్తే 3150. 72తో భాగిస్తే 44 దరిదాపు. 15 శాతం తగ్గిస్తే 37. ఇప్పుడు అదే వార్డులో స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న కుర్రాడు, 25 ఏళ్ళు, 70 కిలోలు, క్రియాటినిన్ అతనికీ 1. వేసి చూడండి, 112 వస్తుంది. ఇద్దరి రిపోర్టులోనూ అంకె ఒకటే, ఇద్దరికీ నార్మలే. కాని అత్తగారి మూత్రపిండాలు కుర్రాడివాటితో పోలిస్తే మూడో వంతు పని చేస్తున్నాయి. ఇద్దరికీ ఒకే మోతాదు వేస్తే, మూత్రపిండాల మీదే ఆధారపడ్డ మందు ఆవిడ నెత్తుట్లో ఎంత పేరుకుంటుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లాబొరేటరీలు ఇంకా కొత్త లెక్కలు వేసి రిపోర్టులోనే రాసి ఇస్తున్నాయి. కాని మందు మోతాదుకి ఈ పాత లెక్కే చాలాచోట్ల ఇంకా వాడుకలో ఉంది. ఒక్క మాట పక్కకి వెళ్ళి చెబుతాను. ఆ ఇద్దరూ ఈ సూత్రం కట్టింది 249 మంది మగ రోగులని పరీక్షించి. ఆడవాళ్ళకి నూటికి 15 తగ్గించమన్నది ఒక అంచనా మాత్రమే. వంటింటి కొలతల్లో మన చేతివాటాన్ని వెక్కిరించే మగవాళ్ళు ఈ సంగతి వింటే బాగుండును.

ఇప్పటిదాకా మందు ఎక్కువై పేరుకోవటం గురించి చెప్పాను. దీనికి తలకిందులుగా జరిగేదాన్ని గురించి ఎవరూ అంతగా ఆలోచించరు. ఒళ్ళు కాలినవాళ్ళలో, పెద్ద దెబ్బలు తగిలిన పడుచువాళ్ళలో, చీముజ్వరం మొదటి రోజుల్లో, గుండె వేగంగా కొట్టుకుని నెత్తురు ఉరకలు వేస్తుంది. మూత్రపిండాలు మామూలుకన్నా ఎక్కువగా పనిచేసి, ఇచ్చిన మందుని ఇచ్చినట్టే తోడి పారబోస్తాయి. ఇలాంటివాళ్ళ క్రియాటినిన్ చూస్తే అందరికన్నా బాగుంటుంది కూడా! గర్భిణీలలో కూడా మూత్రపిండాల పని ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పుస్తకంలో రాసిన మోతాదే వేసినా ఇటువంటివారికి చాలకపోవచ్చు.

ఇది ఊహ కాదు. 2014లో ప్రకటించిన ఒక పరిశీలనలో పది దేశాల్లో 68 ఆసుపత్రుల ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో రోగుల నెత్తురు తీసి, పెనిసిలిన్ కుటుంబపు మందులు ఎంత ఉన్నాయో కొలిచారు. క్రిములు సోకి వైద్యం పొందుతున్న 248 మందిలో నూటికి 16 మందికి ఉండవలసిన కనీసపు పాళ్ళు కూడా లేవు. అలా చాలనివాళ్ళలో కోలుకునే అవకాశం కూడా తక్కువగానే కనిపించింది. మందు రోజూ వేస్తూనే ఉన్నారు, చీటీలో రాస్తూనే ఉన్నారు, బిల్లులో పడుతూనే ఉంది!

అయితే కొలిచి సరిచేస్తే అందరూ లేచి కూర్చుంటారా? అంత తేలికైతే బాగానే ఉండును. 2022లో జర్మనీ ఆసుపత్రుల్లో పిపరాసిలిన్ అనే మందుని నెత్తుట్లో కొలుస్తూ మోతాదు మార్చి చూశారు; కొలవనివాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2024లో ఇంకో పెద్ద పరీక్ష. ఏడు దేశాల్లో ఏడు వేల మంది దాకా రోగులకి, కొందరికి మందు విడతలుగానూ, కొందరికి 24 గంటలూ సన్నగానూ ఎక్కించారు. తొంభై రోజుల్లో చనిపోయినవాళ్ళు విడతలవారిలో నూటికి 26.8, సన్నగా ఎక్కించినవారిలో 24.9. మేలే కనిపిస్తోంది గాని గట్టిగా రుజువైందనటానికి ఆ తేడా చాలదన్నారు. కాబట్టి పెనిసిలిన్ కుటుంబం విషయంలో వాదన ఇంకా నడుస్తోంది. వాంకోమైసిన్, అమికసిన్, జెంటమైసిన్ విషయంలో మాత్రం వాదన లేదు. అవి ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బ తింటాయి. అమికసిన్, జెంటమైసిన్ అయితే చెవులు కూడా. మూత్రపిండాలు చాలావరకు తిరిగి కోలుకుంటాయి, పోయిన వినికిడి తిరిగి రాదు. అందుకని ఈ మందులు నాలుగు రోజులు దాటి వాడవలసి వస్తే, సదుపాయమున్న పెద్ద ఆసుపత్రుల్లో నెత్తుట్లో మందు పాళ్ళు పరీక్ష చేయిస్తారు.

చెవి మాట వచ్చింది గనక, ఆడవాళ్ళమైన మనం ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఒకటుంది. కొందరిలో నెత్తుట్లో మందు సరైన పాళ్ళలో ఉన్నా, ఒక్క మోతాదుకే చెవుడు వస్తుంది. ఇది వంశంలో వచ్చే ఒక లోపం వల్ల. తల్లి వైపు నించి మాత్రమే వస్తుంది, తండ్రి నించి రాదు. ఇంగ్లండులో మాంచెస్టరులో ఈ లోపాన్ని పసిబిడ్డ మంచం దగ్గరే 26 నిమిషాల్లో కనిపెట్టే పరీక్ష తయారు చేశారు. 2022లో దాని ఫలితాలు వచ్చాయి. మనకి ఆ యంత్రం అందుబాటులో లేకపోయినా నోరు ఉంది. మీ అమ్మగారికో, అమ్మమ్మగారికో, పిన్నికో, మేనమామకో, మీ తోడబుట్టినవాళ్ళకో ఏదో జ్వరానికి ఇంజక్షన్లు చేయించుకున్నాక చెవుడు వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, ఆ మాట డాక్టరుగారికి ముందే చెప్పండి. వేరే మందు వేస్తారు. పాత రోజుల్లో క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు విరివిగా వాడేవారు. ఆ మందుదీ ఇదే కుటుంబం. "అమ్మమ్మకి టీబీ వచ్చి తగ్గింది గాని, చెవులు పోయాయి" అన్న మాట మీ ఇంట్లో వినపడితే కొట్టిపారెయ్యకండి.

రోగి పక్కన కూర్చున్న మనం చెయ్యగలిగినవి ఇంకా ఉన్నాయి. బరువు తూయించండి. మంచం పట్టినవాళ్ళని తూచటం కష్టమని ఉజ్జాయింపున "అరవై ఉండవచ్చు" అంటూ ఉంటాం. తీరా చూస్తే నలభైఏడు. మోతాదంతా ఆ అరవై మీద కట్టేస్తారు. మూత్రం ఎంత వస్తోందో కొలిచి రాయమంటే సిగ్గుపడి, విసుక్కుని "బాగానే అవుతోందండీ" అని చెప్పెయ్యకండి. మందు పాళ్ళు పరీక్ష లేని చిన్న ఆసుపత్రిలో డాక్టరుకి ఉన్న ఆధారాలు ఆ కొలత, ఆ బరువు, ఆ క్రియాటినిన్, ఇవే. ఇంట్లో వాడే మాత్రలు, ముఖ్యంగా కీళ్ళనొప్పులకని రోజూ మింగే మాత్రలు, నీరు లాగటానికి వేసే మాత్రలు, చీటీతో సహా చూపించండి. అవి మూత్రపిండాలని ఇంకా మందగింపజేస్తాయి.

సెలైను గొట్టానికి ఉండే చిన్న చక్రం జోలికి మాత్రం వెళ్ళకండి. భోజనాల వేళయిందనో, రోగి పడుకోవాలనో, త్వరగా అయిపోతే బాగుండునని ఆ చక్రం కాస్త తిప్పేవాళ్ళని చాలామందిని చూశాను. వాంకోమైసిన్ ఒక గ్రాము మోతాదు కనీసం గంటసేపు ఎక్కాలి. గబగబా పోతే మొహం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది, రక్తపోటు పడిపోవచ్చు. "మందు పడలేదు" అని హడావిడి పడతాం గాని, చాలాసార్లు మందు పడక కాదు, వేగం పడక.

పాళ్ళు చూడటానికి నెత్తురు తీసేటప్పుడు గడియారం ముఖ్యం. ఎక్కువగా తరవాతి మోతాదుకి కాస్త ముందు తీస్తారు. వాంకోమైసిన్‌కి ఆ ఒక్క అంకె కాకుండా, రోజంతా నెత్తుట్లో ఉన్న మందు మొత్తం లెక్కగట్టడం మేలని 2020లో అమెరికా నిపుణులు చెప్పాక, రెండుసార్లు తీసేవాళ్ళూ ఉన్నారు. ఉదయం ఆరింటి మోతాదు ఏ కారణం చేతనో ఎనిమిదింటికి పడితే, ఆ సంగతి నెత్తురు తీయవచ్చినవాళ్ళకి చెప్పండి. మందు ఎక్కుతున్న చేతి నించే నెత్తురు తీయబోతే, "ఈ చేతికే మందు పోతోందండీ" అని ఒక్క మాట అనండి. ఆ చేతి నెత్తుట్లో మందు ఎక్కువ కనిపించి, అసలే చాలని మోతాదుని ఇంకా తగ్గించే ప్రమాదం ఉంది. చిన్న పుస్తకంలో మందు మొదలైన గంట, అయిపోయిన గంట రాసిపెట్టుకునే ఇల్లాలు ఆ వార్డులో సగం నర్సుతో సమానం.

ఇక చివరిగా, "రోజూ ఇంత నెత్తురు లాగేస్తే మనిషి ఎల్లా తేరుకుంటాడు" అని బాధపడే పెద్దవాళ్ళకి ఒక మాట. ఒక్కొక్క పరీక్షకి తీసేది ఒక చెంచాడు కూడా ఉండదు. చెవిలో హోరుమని చప్పుడు, కళ్ళు తిరగటం, నడుస్తుంటే తూలటం కనిపిస్తే, మర్నాడు డాక్టరుగారు వచ్చేదాకా ఆగకుండా ఆ రాత్రే డ్యూటీ డాక్టరుకి చెప్పండి.